వైఫై అడాప్టర్, సిగ్నల్ నాణ్యత: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల కంప్యూటర్ వాడేవాళ్లు వైఫై అడాప్టర్ (కంప్యూటర్‌ని వైఫైకి కలిపే పరికరం) కొనే ముందూ, కొన్న తర్వాతా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. అంగట్లో చూపించేది పెట్టె మీది నంబరు. మీ ఇంట్లో పని జరిగేదా లేదా అన్నది తేల్చేది మాత్రం గోడలు, రూటర్ ఉన్న చోటు, అడాప్టర్ లోపలి చిప్. అందుకే డబ్బు తీసే ముందు ఒకసారి కొలవమంటాం. కొలిచాక చాలా ఇళ్లలో కొత్తది కొనక్కర్లేదనే తేలుతుంది.

సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. అయినా వీడియో ఆగి ఆగి వస్తుంది. ఎందుకని?

ఆ గీతలకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపాలో ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెట్టుకుంటుంది. పైగా అవి రూటర్ మాట మీ అడాప్టర్‌కి ఎంత గట్టిగా వినపడుతుందో మాత్రమే చెప్తాయి. మీ అడాప్టర్ మాట రూటర్‌కి వినపడుతుందో లేదో చెప్పవు. చుట్టూ ఎంత రొద ఉందో అసలే చెప్పవు.

వైఫై రెండు వైపులా నడవాల్సిన సంభాషణ. కాలువ అవతలి గట్టున ఒకాయన మైకు పట్టుకుని మాట్లాడుతుంటే మీకు బాగానే వినపడుతుంది. మీరు ఉత్త గొంతుతో ఇచ్చే జవాబు ఆయనకి చేరకపోతే ఆయన అడిగిందే మళ్లీ అడుగుతాడు. యూఎస్‌బీ పోర్టులో దూర్చే గోరంత అడాప్టర్, అంటే నానో డాంగిల్ విషయంలో జరిగేది ఇదే. రూటర్ పంపే శక్తి ఎక్కువ, డాంగిల్ పంపేది తక్కువ. గీతలు నిండుగానే ఉంటాయి, డేటా మాత్రం మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది. వీడియో కాల్‌లో అవతలి వాళ్లు మీకు స్పష్టంగా కనపడుతూ, మీరు మాత్రం వాళ్లకి ముక్కలు ముక్కలుగా వినపడుతున్నారంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

సిగ్నల్‌ని అంకెల్లో ఎట్లా చూడాలి?

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్‌ష్ వ్లాన్ షో ఇంటర్‌ఫేసెస్’ అనే కమాండ్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. సిగ్నల్ ఎంత శాతమో, ఏ ఛానెల్‌లో (రేడియో దారిలో) ఉన్నారో, రిసీవ్ రేటు, ట్రాన్స్‌మిట్ రేటు ఎంతో వరసగా వస్తాయి. ఆ శాతాన్ని సగం చేసి అందులోంచి 100 తీసేస్తే డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే యూనిట్) లెక్క దాదాపుగా వస్తుంది. 80 శాతం అంటే మైనస్ 60. 60 శాతం అంటే మైనస్ 70. 40 శాతం అంటే మైనస్ 80. కొన్ని డ్రైవర్లు (అడాప్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఈ లెక్కను కొంచెం అటూ ఇటూ చూపిస్తాయి, కాబట్టి ఒక అంకెని పట్టుకోకుండా నాలుగు చోట్ల కొలిచి పోల్చుకోవడం మేలు.

మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కి పట్టి పైనున్న వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే సిగ్నల్‌తో పాటు రొద, అంటే నాయిస్ కూడా డీబీఎంలోనే కనపడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ రకం యాప్ ఒకటి పెట్టుకుంటే ఇంట్లో తిరుగుతూ కొలవొచ్చు. కాకపోతే ఫోన్ యాంటెనా వేరు, మీ అడాప్టర్ యాంటెనా వేరు. కంప్యూటర్ ఉన్న బల్ల దగ్గర కంప్యూటర్ చూపే అంకెనే నమ్మండి.

ఎంత ఉంటే బాగున్నట్టు?

డీబీఎం మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50ల్లో ఉంటే ఇంకేమీ చేయనక్కర్లేదు. మైనస్ 67 దాకా వీడియో కాల్స్, ఆన్‌లైన్ పరీక్షలు నిశ్చింతగా నడుస్తాయి. మైనస్ 70 దాటితే వేగం పడిపోవడం మొదలవుతుంది, వాట్సాప్, మామూలు పేజీలు మాత్రం వస్తాయి. మైనస్ 80 దగ్గర కనెక్షన్ ఉంటే ఉంది, లేకపోతే లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మైనస్ 60కీ మైనస్ 70కీ తేడా పదే కదా అనిపిస్తుంది. నిజానికి 10 డీబీ తగ్గడమంటే అందే శక్తి పదో వంతుకు పడిపోవడం. 3 డీబీ తగ్గితే సగం పోయినట్టే. కాబట్టి అడాప్టర్‌ని అర అడుగు జరిపి 3 డీబీ సంపాదించినా అది చిన్న లాభం కాదు. ఆరుబయట అడ్డేమీ లేకపోతే దూరం రెట్టింపైనప్పుడు పోయేది 6 డీబీ. ఇంట్లో ఒక్క గోడ అంతకంటే ఎక్కువ తినేయగలదు.

రొద కూడా లెక్కలోకి తీసుకోవాలి. సిగ్నల్ మైనస్ 65, రొద మైనస్ 95 అయితే మధ్య 30 డీబీ ఖాళీ ఉంది, చాలా బాగుంది. అదే సిగ్నల్‌కి రొద మైనస్ 80 అయితే మిగిలింది 15 మాత్రమే, వేగం రాదు. ఆ తేడా 25 పైన ఉండేట్టు చూసుకోండి.

తప్పు వైఫైదా, ఫైబర్ లైన్‌దా? ఎట్లా తెలుస్తుంది?

ఏపీ ఫైబర్‌నెట్ అయినా, బీఎస్‌ఎన్‌ఎల్ అయినా, ప్రైవేటు కంపెనీ అయినా పరీక్ష ఒకటే. కమాండ్ ప్రాంప్ట్‌లో రూటర్ చిరునామాకి పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే కమాండ్) కొట్టండి. చాలా రూటర్లకి అది 192.168.1.1 లేదా 192.168.0.1. జవాబు ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లలో వస్తుంటే వైఫై బాగున్నట్టు, లోపం బయటి లైన్‌లో ఉంది. ఒకసారి 3, ఇంకోసారి 400, మధ్యలో టైమ్ అవుట్ అని వస్తుంటే గొడవ మీ గదికీ రూటర్‌కీ మధ్యనే.

ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కి నేరుగా తగిలించి స్పీడ్ చూడండి. కేబుల్ మీద కూడా నెమ్మదిగా ఉంటే ఏ అడాప్టర్ కొన్నా మార్పు రాదు. లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేయాల్సిందే.

అన్నా, పగలంతా బాగుంటది. రాత్రి ఎనిమిది దాటితే చచ్చిపోతది. మాగుంట లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్ మాది.

మీ సిగ్నల్ తగ్గలేదు, వాడే ఇళ్లు పెరిగాయి. వైఫై ఎక్కువగా నడిచే రెండు బ్యాండ్లలో (రేడియో పట్టీల్లో) ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానెళ్లు ఉన్నాయి, అయితే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఇరవై, ముప్పై రూటర్లు ఆ మూడింటినే పంచుకుంటాయి. ఒకే ఛానెల్ మీద ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. రాత్రి అందరూ ఇంట్లో ఉండి సినిమాలు పెడితే మీ వంతు రావడమే ఆలస్యం.

మందు ఏమిటంటే రెండో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కి మారడం. అక్కడ ఛానెళ్లు ఎక్కువ, గోడలు దాటి పక్కింటిది మీ ఇంట్లోకి వచ్చేదీ తక్కువ. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉండి కంప్యూటర్‌లో లేకపోతే, కొత్త అడాప్టర్‌కి డబ్బు పెట్టడం నిజంగా సమంజసమైన సందర్భం ఇదే. మారడం కుదరకపోతే కనీసం రూటర్ సెట్టింగుల్లో 2.4 వెడల్పుని 40 మెగాహెర్ట్జ్ నుంచి 20కి తగ్గించి, 1, 6, 11లో ఖాళీగా ఉన్నదాన్ని చేత్తో ఎంచుకోండి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. అది తిరుగుతున్నంతసేపూ నెట్ కుంటితే ఆశ్చర్యపోకండి.

మరి 5 గిగాహెర్ట్జ్ అన్నిచోట్లా మంచిదేనా?

కాదు. అదే దూరానికి అది 2.4 కంటే 6, 7 డీబీ తక్కువ అందుతుంది, గోడల్లో ఇంకా పోతుంది. ఒకే గది, పక్క గది అయితే 5. రెండు గోడల అవతల, పై మిద్దె అయితే కొలిచి చూసి ఏది నిలిస్తే అది.

మా ఇంట్లో హాల్లో రూటర్, వెనక గదిలో కంప్యూటర్. మధ్యలో ఏముంటే సిగ్నల్ ఎక్కువ పోతుంది?

చెక్క తలుపు, అద్దం కిటికీ పెద్దగా తినవు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కొంత, తొమ్మిది అంగుళాలది ఇంకొంత. లోపల ఇనుప కడ్డీలున్న కాంక్రీటు స్లాబు, బీములు చాలా ఎక్కువ. చీమకుర్తి మనకి దగ్గర కాబట్టి ఇటుక గోడకి కూడా గ్రానైట్ పలకలు తాపడం చేసిన ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ గోడ మామూలు గోడకంటే బరువైన అడ్డు.

అన్నిటికంటే గట్టి అడ్డు లోహం, ఆ తర్వాత నీళ్లు. ఇనుప బీరువా, ఫ్రిజ్, రసం పూసిన నిలువుటద్దం సిగ్నల్‌ని వెనక్కి తిప్పి కొడతాయి. నీళ్ల ట్యాంకు పీల్చేస్తుంది. రూటర్‌ని బీరువా పక్కన, టీవీ వెనక, అటక మీద స్టీలు బిందెల మధ్య పెట్టిన ఇళ్లు ఎన్నో. కనపడకుండా దాచాలన్న ఆలోచన అర్థమవుతుంది, కానీ దాచిన ప్రతి అడ్డూ సిగ్నల్‌లోంచి పోయేదే. రూటర్‌ని మనిషి ఎత్తులో, ఇంటి నడిమధ్యన, బయటికి కనపడేట్టు పెట్టి మళ్లీ కొలవండి. ఫైబర్ తీగ పొట్టిగా ఉండి బాక్స్ వీధి గుమ్మం దగ్గరే ఆగిపోతే దాన్ని పొడిగించమని కేబుల్ వాళ్లని అడగండి.

ఫోన్‌లో కనపడే వైఫై పేరు కంప్యూటర్‌లో కనపడటం లేదు. అడాప్టర్ పాడైందా?

పాడవకపోవచ్చు. ఆ పేరు 5 గిగాహెర్ట్జ్‌ది, మీ అడాప్టర్ 2.4 మాత్రమే పట్టేది అయ్యుంటుంది. లేదా రూటర్ 12, 13 ఛానెల్‌లో ఉంటుంది, అమెరికా లెక్కకి తయారైన కొన్ని అడాప్టర్లు 11 దాటి వెతకవు. రూటర్‌ని 1, 6, 11లో ఒకదానికి మారిస్తే వెంటనే కనపడుతుంది. డబ్ల్యూపీఏ 3 (కొత్త రకం వైఫై భద్రత) ఒక్కటే పెట్టిన రూటర్‌కి పాత అడాప్టర్లు కలవలేవు, డబ్ల్యూపీఏ 2, 3 కలిసి ఉన్న మోడ్ పెట్టండి.

పెట్టె మీద ఏసీ 1300 అని రాసుంది. 1300 ఎంబీపీఎస్ వస్తుందా?

రాదు. అది రెండు బ్యాండ్ల గరిష్ఠాలు కూడిన అంకె. 2.4లో 400, 5లో 867, మొత్తం 1267, దాన్ని 1300 చేశారు. కంప్యూటర్ ఒక సమయంలో ఒక బ్యాండ్‌లోనే ఉంటుంది. ఏసీ (వైఫై 5) 600 అంటే 150, 433. ఏఎక్స్ (వైఫై 6) 1800 అంటే 574, 1201. ఆ గరిష్ఠం కూడా గాలిలోని లెక్కే. మంచి సిగ్నల్‌లో నిజంగా చేతికొచ్చేది అందులో సగం, సగానికి కొంచెం పైన.

ఇప్పుడు మీ ప్లాన్ చూసుకోండి. 50 లేక 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి బాగా అందే 433 చాలు. 1201 అడాప్టర్ కొంటే ఆ ప్లాన్ వేగం పెరగదు. రూటర్ కూడా చూడాలి. ఫైబర్‌తో ఇచ్చిన బాక్స్ 2.4 ఒక్కటే ఇచ్చేదైతే ఎంత ఖరీదైన వైఫై 6 అడాప్టర్ అయినా దాని వేగానికే దిగొస్తుంది.

అయితే ఎంపిక మీ చేతిలో ఉంటే 433 ఒంటి యాంటెనా దానికంటే 867 జంట యాంటెనా దానివైపే మొగ్గు చూపండి. వేగం కోసం కాదు, నిలకడ కోసం. గోడలకి తగిలి తిరిగొచ్చే సిగ్నల్ ఒక యాంటెనా దగ్గర చచ్చిపోయినా రెండో దాని దగ్గర బతికుంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు గరిష్ఠమే 480 ఎంబీపీఎస్ అని కూడా గుర్తుంచుకోండి.

పొడుగు యాంటెనా ఉన్నది తీసుకుంటే దూరం లాగుతుందా?

యాంటెనా శక్తిని పుట్టించదు, ఉన్నదాన్ని ఒక దిక్కుకి మళ్లిస్తుంది. డీబీఐ (సిగ్నల్‌ని ఒక దిక్కుకి ఎంత మళ్లిస్తుందో చెప్పే అంకె) పెరిగేకొద్దీ నిలువు యాంటెనా సిగ్నల్ పైకీ కిందకీ తగ్గి పక్కలకి సాగుతుంది. ఒకే అంతస్తులో దూరపు గదికి అది లాభం. రూటర్ కింద, కంప్యూటర్ మిద్దె మీద ఉంటే అదే నష్టం కావచ్చు. అప్పుడు యాంటెనాని ఏటవాలుగా వంచి, ఒక్కో కోణంలో అంకె చూసుకోండి. చౌక రకాల్లో కొన్నిటికి పైన ప్లాస్టిక్ గొట్టమే ఘనం, లోపల ఉండేది చిన్న తీగ ముక్క.

డెస్క్‌టాప్‌కి నానో డాంగిల్ మంచిదా, యాంటెనా ఉన్న యూఎస్‌బీనా, లోపల పెట్టే కార్డా?

నానోని రూటర్ ఉన్న గదిలోనే వాడండి. దాని యాంటెనా గింజంత. సీపీయూ వెనక పోర్టుకి పెడితే ముందు ఇనుప క్యాబినెట్, వెనక గోడ. రోహిణి కార్తెలో ఒంగోలు గదుల్లో అది ముట్టుకుంటే చురుక్కుమనేంత వేడెక్కుతుంది, కనెక్షన్ తెగుతూ ఉంటుంది.

ఇప్పటికే నానో కొనేశారా? పారేయకండి. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి తెచ్చి డాంగిల్‌ని బల్ల పైకి, రూటర్ వైపు తీసుకురండి. క్యాబినెట్ నీడలోంచి బయటపడటమే పెద్ద లాభం. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు మించకూడదు. ఎక్స్‌టెన్షన్‌లో ఇంకో మేలుంది. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయి, ఇంటెల్ 2012లోనే దీని గురించి పత్రం ప్రచురించింది. హార్డ్ డిస్కు పెట్టగానే వైఫై పోతుందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. రెంటినీ దూరం జరిపితే పోతుంది.

డెస్క్‌టాప్ కదలకుండా ఒకచోటే ఉండేదైతే మా ఎంపిక పీసీఐఈ కార్డు, అంటే క్యాబినెట్ లోపల మదర్‌బోర్డుకి బిగించేది. అందులోనూ యాంటెనాలు కార్డుకే బిగించి ఉండేది కాకుండా, తీగతో బల్ల మీద పెట్టుకునే స్టాండ్ ఉన్నది. క్యాబినెట్ విప్పడం ఇష్టం లేనివాళ్లకి జంట యాంటెనాల యూఎస్‌బీ అడాప్టర్.

ల్యాప్‌టాప్ వైఫై ఉన్నట్టుండి బలహీనపడింది. డాంగిల్ కొనాలా?

ముందు ఒక ప్రశ్న: ఈమధ్య స్క్రీన్ గానీ, మడత కీలు గానీ, ఫ్యాన్ గానీ బాగు చేయించారా? ల్యాప్‌టాప్ యాంటెనాలు ఎక్కువగా స్క్రీన్ అంచులో ఉంటాయి. అక్కణ్నుంచి రెండు సన్నటి తీగలు కీలు గుండా దిగి కింద ఉన్న కార్డుకి తగులుకుంటాయి. విప్పి మూసేటప్పుడు ఒకటి ఊడినా, నలిగినా రూటర్ పక్కన మాత్రమే పనిచేసే స్థితికి వస్తుంది. తీగ మళ్లీ తగిలిస్తే సరి.

అది కాకపోతే డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, కరెంటు పొదుపు కోసం పరికరాన్ని ఆపేయొచ్చు అనే టిక్కు తీసేయండి.

లోపలి కార్డే మార్చదలిస్తే ఇంటెల్‌లో ఏఎక్స్ 200, ఏఎక్స్ 210 మామూలు ఎం.2 (లోపల దూర్చే చిన్న రకం) కార్డులు, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తాయి. ఏఎక్స్ 201, ఏఎక్స్ 211 అట్లా కాదు, అవి తమకి తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మదర్‌బోర్డుల్లోనే పనిచేస్తాయి. పేర్లలో ఒక్క అంకె తేడా, అమ్మేవాళ్లు కూడా పొరబడతారు. కొన్ని పాత మోడళ్ల బయోస్ (కంప్యూటర్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) కంపెనీ ఒప్పుకున్న కార్డు తప్ప వేరేది తీసుకోదు.

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంతలున్నాయి. ఇంటి వైఫై గుంతల కాడి షెడ్డుకి అందాలంటే ఏ అడాప్టర్ కొనాలి?

అడాప్టర్ కొనొద్దు. రెండు, మూడు వందల మీటర్లకి ఇంటి రూటరూ, డాంగిలూ చాలవు, ఎంత పెద్ద యాంటెనా పెట్టినా డబ్బు వృథా. దానికి వేరే సామాను ఉంది: ఆరుబయట పెట్టే 5 గిగాహెర్ట్జ్ సీపీఈలు (ఒకదానికొకటి గురిపెట్టే రేడియో డబ్బాలు) జత. ఒకటి మిద్దె మీద, ఒకటి షెడ్డు మీద, ఎదురెదురుగా. ల్యాన్ కేబుల్‌లోనే కరెంటు పంపే పీఓఈ కాబట్టి పైకి వేరే కరెంటు తీగ అక్కర్లేదు.

రెండూ ఒకదానికొకటి కనపడాలి. కనపడటమంటే సన్న గీతంత సందు కాదు. 300 మీటర్ల దూరానికి మధ్యలో గీతకి అన్ని వైపులా దాదాపు 2 మీటర్ల మేర ఖాళీ ఉండాలి. కొబ్బరి మట్టలు, తాటి చెట్లు అందులోకి రాకూడదు. గుంత నీళ్ల మీద పడి తిరిగొచ్చే సిగ్నల్ కూడా ఇబ్బంది పెడుతుంది కాబట్టి వాటిని బిగించే పైపు ఎత్తుగా వేయండి.

సముద్రం దగ్గర ఉప్పు గాలి కనెక్టర్లని తినేస్తుంది. మైపాడు, కోడూరు, అటు కొత్తపట్నం వైపు ఇది తప్పదు. కేబుల్ మూతుల మీద సాగే రబ్బరు టేపు గట్టిగా చుట్టండి, కేబుల్‌ని కిందకి వంక వచ్చేట్టు వదిలి నీళ్లు కారిపోయేట్టు చేయండి. పిడుగుల కాలానికి ఎర్తింగ్ తప్పనిసరి.

గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ఆఫీసు గది. మిషన్లు ఆన్ చేస్తే నెట్ పోతుందని మా వాళ్లంటారు. నిజమేనా?

మోటార్ల కంటే రేకుల మీద మాకు అనుమానం ఎక్కువ. ఇనుప రేకుల షెడ్డు, గ్యాంట్రీ, నిలబెట్టిన పలకల వరసలు, ఇవన్నీ సిగ్నల్‌కి గోడలే. మిషన్ ఆన్ చేసినప్పుడే పోతుంటే రూటర్‌కి వోల్టేజీ పడిపోయి అది మళ్లీ మొదలవుతుందేమో చూడండి, చిన్న యూపీఎస్‌తో తేలిపోతుంది. ఆఫీసులోకి ల్యాన్ కేబుల్ లాగి అక్కడే కేబుల్ నుంచి వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్ ఒకటి పెట్టడం శాశ్వతమైన దారి. మంచి క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా వెళ్తుంది.

ఎక్స్‌టెండర్ పెడితే సరిపోదా?

ఎక్స్‌టెండర్ అంటే రూటర్ సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే పెట్టె. సిగ్నల్ బాగా ఉన్నచోట పెడితే కొంత పనిచేస్తుంది. నెట్ రాని గదిలోనే పెడితే అది రాని నెట్‌నే మళ్లీ పంపుతుంది. ఒకే రేడియోతో తీసుకుని పంపే రకాల్లో వేగం సగానికి పడుతుంది.

కాలేజీలో ఉబుంటు వాడమన్నారు. ఏ అడాప్టర్ అయినా నడుస్తుందా?

అన్నీ నడవవు. ఇక్కడ బ్రాండ్ పేరు కాదు, చిప్ పేరు చూడాలి. మీడియాటెక్ ఎంటీ 7612యూ చిప్‌కి ఉబుంటుకి ఆధారమైన లినక్స్ కెర్నెల్ (సిస్టమ్ మూల ప్రోగ్రాం) 4.19 నుంచి డ్రైవర్ లోపలే ఉంది, పెట్టగానే పనిచేస్తుంది. ఇంటెల్ ఏఎక్స్ 200, 210 కార్డులకి కూడా ఇబ్బంది లేదు. రియల్‌టెక్ చిప్పుల్లో చాలావాటికి పాత కెర్నెల్‌లో డ్రైవర్‌ని విడిగా కట్టుకోవాలి, కెర్నెల్ మారినప్పుడల్లా మళ్లీ ఆ పని.

ఒకే మోడల్ పేరుతో వెర్షన్ మారితే చిప్పే మారిపోతుంది. టీపీ లింక్ డబ్ల్యూఎన్ 722ఎన్ మొదటి వెర్షన్‌లో ఎథిరోస్ ఏఆర్ 9271 ఉండేది, రెండో వెర్షన్‌కి అది రియల్‌టెక్ అయింది. పెట్టె వెనక స్టిక్కర్ మీద వెర్షన్ అంకె చదవకుండా కొనకండి.

అంగట్లో కొనేటప్పుడు ఏం అడగాలి?

రెండు బ్యాండ్లూ ఉన్నాయా, చిప్ ఏది, వెర్షన్ ఏది, యాంటెనా ఒకటా రెండా, మన దేశంలో వైర్‌లెస్ పరికరాలకి ఉండాల్సిన డబ్ల్యూపీసీ ఈటీఏ అనుమతి ఉందా. వీటితో పాటు ముఖ్యంగా ఇంట్లో పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటారా అని బిల్లు రాయకముందే అడగండి. అంగట్లో రూటర్ పక్కనే ఉంటుంది, అక్కడ ఏది పెట్టినా గీతలు నిండుతాయి. ఇంటికి తెచ్చిన రోజే పాతదీ కొత్తదీ ఒకే బల్ల మీద, ఒకే పోర్టులో, ఒకే వేళకి కొలిచి అంకెలు రాసుకోండి. 5 డీబీ కూడా మెరుగుపడకపోతే, పాతది పట్టని 5 గిగాహెర్ట్జ్ ఇది పట్టిందన్న లాభమైనా లేకపోతే, బిల్లు తీసుకుని మర్నాడే తిరిగి ఇచ్చేయండి.